శ్రీకృష్ణదేవరాయల సైనిక జీవితము

శ్రీకృష్ణదేవరాయలు (పాలన: 1509 - 1529) విజయనగర సామ్రాజ్యమును పాలించిన తుళువ వంశ చక్రవర్తి. సాహితీ సమరాంగణ సార్వభౌముడు అన్న బిరుదులో సాహితి ముందుగా ఉండుట వలన కాబోలు, తెలుగువారికి ఇతడు భువన విజయముతోను, అష్టదిగ్గజములతోను, ఆముక్తమాల్యదతోను ఎక్కువగా పరిచయము. కాని ఇతని ఇరవై సంవత్సరముల పాలనలో మొదటి పన్నెండు సంవత్సరములు చాలావరకు దండయాత్రలలోనే గడిచినవి. ఆ కాలములో స్వయముగా నడిపిన పెద్ద యుద్ధములలో ఇతడు ఓడిపోలేదు. ఈ వ్యాసము రాయలను సేనానిగా తీర్చిదిద్దిన శిక్షణ, అలవాట్లు, మంత్రాంగము, యుద్ధానుభవము గురించియు, అతని స్వభావములోని లోపముల గురించియు తెలుపుతుంది.

రాయల గురించి సమకాలికులు వ్రాసినవానిలో ఇద్దరు పోర్చుగీసువారి రచనలు ముఖ్యమైనవి. డొమింగో పేస్ 1520 ప్రాంతములో విజయనగరమునకు వచ్చి రాయలను కంటితో చూసి వ్రాసినాడు. గుర్రముల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ రాయల మరణానంతరము, అచ్యుతరాయల కాలములో అక్కడ ఉండి, విన్న విషయములను కూర్చి వ్రాసినాడు. అందువలన యుద్ధవార్తలకు నూనిజ్ విలువైనవాడే అయినా, అతని సంఖ్యలను, తేదీలను శాసనములతో పోల్చి చూడవలసి ఉంటుంది. బీజాపూరు పక్షము నుండి ఫిరిష్తా వ్రాసిన చరిత్ర తరువాతి తరమునకు చెందినది.

సరిహద్దు ప్రాంతము

రాయల సైనిక జీవితములో అత్యంత ముఖ్యమైన ఘట్టము కృష్ణాతీరములో జరిగినది. కృష్ణానది తంగిడి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. భీమానది కృష్ణలో కలిసేది కూడా ఆ సమీపముననే. నదికి ఉత్తరమున మక్తల్, నారాయణపేట ప్రాంతము, దక్షిణమున రాయచూరు ఉన్నవి. మక్తల్ నుండి కృష్ణ వంతెన దాటితే రాయచూరు కొద్ది దూరమే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కొరకు విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు, తరువాత బీజాపూరు ఆదిల్ షాహీలు రెండు వందల ఏండ్లు పోరాడినారు. రాయచూరు కోటకు పాలమూరు సీమతో సంబంధము అంతకంటె పాతది. వర్ధమానపురము పాలించిన కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి కాలమున, 1294లో విఠలుడు ఆ కోటను కట్టించినట్లు కోటగోడలోని పెద్ద శిలపై చెక్కిన తెలుగు శాసనము చెబుతున్నది. ఈ సీమలో నదిని దాటుటకు అనువైన రేవులు ఎవరి చేతిలో ఉంటే యుద్ధము వారి చేతిలో ఉన్నట్లే.

బాల్యము, మంత్రి శిక్షణ

రాయల తండ్రి తుళువ నరసనాయకుడు, తల్లి నాగలాంబ. తండ్రి సాళువ వంశపు రాజుల పేర రాజ్యమును నడిపిన దండనాయకుడు. కనుక బాలుడు పెరిగినది ఒక సేనాని ఇంటిలో. సవతి అన్న వీరనరసింహరాయలు తండ్రి తరువాత అధికారములోనికి వచ్చినాడు. మంత్రి సాళువ తిమ్మరుసు రాయలకు గురుతుల్యుడు. రాయలు అతనిని అప్పాజీ అని పిలిచేవాడు.

వీరనరసింహరాయలు మరణశయ్యపై తన చిన్న కుమారునికి రాజ్యము దక్కవలెనని కోరి, తమ్ముని కన్నులు పెరికించుమని తిమ్మరుసును ఆజ్ఞాపించినాడని, తిమ్మరుసు మేక కన్నులు తెచ్చి చూపి రాయలను కాపాడినాడని నూనిజ్ వ్రాసినాడు. ఈ కథను తెలుగునాట ఎరుగనివారు అరుదు. నూనిజ్ కథనములో అంతగా ప్రచారము పొందని భాగము ఒకటి ఉన్నది. మంత్రి తనను అశ్వశాలకు తీసుకొనిపోయి ఆజ్ఞను తెలిపినప్పుడు, తనకు రాజ్యము అక్కరలేదని, జోగివలె బ్రతుకుతానని రాయలు చెప్పినాడట. ఇది జరిగినదో లేదో నిర్ధారించుట సాధ్యము కాదు. వీరనరసింహుడు ఇష్టముతోనే తమ్మునికి రాజ్యమిచ్చినాడని చెప్పే కథనములు కూడా ఉన్నవి.

1509లో పట్టాభిషేకము జరిగినది. ఆ సందర్భముగా వేయించిన శాసనము హంపి విరూపాక్షాలయములో ఉన్నది. కొత్త రాజు ఏడాదిన్నర పాటు రాజధాని విడువక, రాజ్య వ్యవహారములను నేర్చుకొనుచు, పూర్వరాజులు వ్రాసి ఉంచిన మరణశాసనములను చదివినాడని నూనిజ్ చెప్పినాడు. సాళువ నరసింహరాయలు తాను పట్టలేకపోయిన కోటలను తరువాతివారు సాధించవలెనని కోరిన పత్రము అందులో ఉన్నదని, ఆ కోటలలో రాయచూరు, ఉదయగిరి ఉన్నవని అతని కథనము. పాలన తొలినాళ్ళలోనే యుద్ధములు జరిగినట్లు ఇతర ఆధారములు ఉన్నందున ఏడాదిన్నర అన్నమాటను అక్షరాలా తీసుకొనరాదు. అయినా యుద్ధములకు ముందు ఒక రాజు పాత పత్రములు తిరగవేసినాడన్నది గమనించదగినది. తరువాత రాయలు చేసిన దండయాత్రల వరుస ఆ పత్రమునకు చాలావరకు సరిపోవుచున్నది.

దినచర్య

పేస్ వర్ణించిన దినచర్య రాయల శిక్షణకు ప్రత్యక్ష సాక్ష్యము. రాయలు తెల్లవారక మునుపే లేచి, సుమారు అరశేరు నువ్వుల నూనె త్రాగి, అదే నూనెతో ఒళ్ళంతా మర్దన చేయించుకొనేవాడు. గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. త్రాగిన నూనె అంతా చెమటగా కారిపోయేవరకు కత్తిసాము చేసేవాడు. ఆ తరువాత తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి తెల్లవారేవరకు మైదానములో ఇటునటు స్వారీ చేసి, అప్పుడు స్నానమునకు వెళ్ళేవాడు. పూజ, రాచకార్యము ఆ తరువాతనే.

అదే పేస్, రాయలు మధ్యమమైన ఎత్తు కలవాడని, కొంచెము లావుపాటి మనిషి అని, ముఖముపై మశూచి మచ్చలు ఉన్నవని వ్రాసినాడు. చలనచిత్రములలో కనిపించే రాయలకు, ఈ వర్ణనకు పోలిక తక్కువ. ఉల్లాసవంతుడని, పరదేశీయులను ఆదరించి వారి సంగతులన్నీ అడిగి తెలుసుకొనేవాడని, న్యాయము తెలిసినవాడని మెచ్చుకొంటూనే, హఠాత్తుగా కోపము తెచ్చుకొనే స్వభావము కలవాడని కూడా పేస్ గుర్తించినాడు. ఈ చివరి మాట రాయల జీవితములోని తరువాతి ఘట్టములకు అవసరమైనది.

మహర్నవమి ఉత్సవముల తరువాత నగరము వెలుపల సైన్యమును స్వయముగా పరిశీలించుట ఏటేటా జరిగేది. నాయంకర పద్ధతిలో భూములు పొందిన నాయకులు తాము పోషించవలసిన కాల్బలమును, గుర్రములను రాజు ఎదుట నిలుపవలసి ఉండేది. పరిశీలన ముగిసిన తరువాత రాయలు మూడు బాణములు వేసేవాడు. ఒకటి బీజాపూరు పేర, ఒకటి గోలకొండ పేర, ఒకటి పోర్చుగీసువారి పేర. ఎక్కువ దూరము పోయిన బాణము ఎవరి దిక్కుదైతే ఆ ఏడు వారిపై యుద్ధమని ఆచారము. చేయబోయే యుద్ధములు బాణముల వలన నిర్ణయమయినవని అనుకొనుట పొరపాటు. ఉదయగిరి, రాయచూరు దండయాత్రలకు నెలల తరబడి సన్నాహములు జరిగినవి.

తొలి యుద్ధములు

పట్టాభిషేకమైన కొద్ది కాలమునకే బహమనీ సుల్తాను మహమూద్ షా, బీజాపూరు యూసుఫ్ ఆదిల్ ఖాన్ మొదలగువారు విజయనగరముపై దండెత్తినారు. దివాని అనే చోట జరిగిన యుద్ధములో సుల్తాను గాయపడినాడు. రాయలు శత్రువును వెంబడించి పాలమూరు సీమలోని కోయిలకొండ వరకు వచ్చినాడని, అక్కడి పోరులో యూసుఫ్ మరణించినాడని కొందరు చరిత్రకారులు వ్రాసినారు. ఫిరిష్తా మాత్రము యూసుఫ్ వ్యాధితో మరణించినాడని చెప్పినాడు. తరువాత రాయలు దక్షిణమున తిరుగుబాటు చేసిన ఉమ్మత్తూరు పాలెగాడు గంగరాజును అణచి, శివసముద్రము, శ్రీరంగపట్టణము స్వాధీనము చేసుకొన్నాడు. కావేరి తీరమున ఇది ముగిసిన పిమ్మట అతని దృష్టి తూర్పునకు మళ్ళినది.

ఉదయగిరి, కొండవీడు

నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గము ఆనాడు కటకము గజపతుల చేతిలో ఉండినది. ఎత్తైన కొండ, సన్నని దారులు, దట్టమైన అడవి. 1513లో మొదలైన ముట్టడి 1514 జూన్ వరకు సాగినది. నూనిజ్ దీనిని ఏడాదిన్నర అన్నాడు. రాయలు కోటపై తొందరపడి సైన్యమును ఉరికించలేదు. బండలను పగులగొట్టించి, కొండచరియలను చెక్కించి, బురుజుల దగ్గరకు పోవుటకు కొత్త దారులు వేయించినాడు. కోట విడిపించుటకు వచ్చిన ప్రతాపరుద్ర గజపతి సైన్యమును వెనుకకు కొట్టినాడు. కోటలో పట్టుబడిన గజపతి బంధువులలో స్త్రీలను మర్యాదతో చూచినాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తెచ్చి, దానికొరకు కట్టించిన ఆలయమే హంపిలోని కృష్ణాలయము.

కొండవీడు 1515 జూన్ 23న లొంగినది. ఈ విజయములో తిమ్మరుసు పాత్ర పెద్దది. కోట పాలన కూడా అతని మేనల్లునికే దక్కినది. గజపతి కుమారుడు వీరభద్రుడు ఇక్కడ బందీ అయినాడు. ఒక సామాన్యునితో కత్తిసాము చేయుమని రాయలు కోరగా, ఆ అవమానము భరించలేక వీరభద్రుడు ప్రాణము తీసుకొన్నాడని నూనిజ్ వ్రాసినాడు. కాని 1516 నాటి శాసనము ఒకటి వేరుగా చెబుతున్నది. దాని ప్రకారము రాయలు వీరభద్రునికి కన్నడ దేశములో మలెబెన్నూరు సీమను నాయంకరముగా ఇచ్చినాడు. పట్టుబడిన శత్రు రాకుమారునికి సీమ నిచ్చి పాలింపజేయుట ఆ కాలములో సాధారణము కాదు. వీరభద్రుని అంతము ఎట్లున్నను, ఈ శాసనమును విస్మరించి నూనిజ్ కథ ఒక్కటే చెప్పుట రాయలకు అన్యాయమే.

తరువాత కొండపల్లి పడినది. నల్లగొండ, ఉర్లుగొండ, ఉండ్రుగొండ, అరువపల్లి, ఖమ్మంమెట్టు మొదలైన తెలంగాణ దుర్గములు కూడా ఈ దండయాత్రలో స్వాధీనమైనవి. 1516లో సింహాచలము చేరి, పొట్నూరులో జయస్తంభము నాటించినాడు. గజపతి సంధి కోరి కుమార్తెను ఇచ్చి వివాహము చేసినాడు. అప్పుడు రాయలు కృష్ణకు ఉత్తరమున గెలుచుకొన్న భూమిని గజపతికి తిరిగి ఇచ్చివేసినాడు. ఎంతో వ్యయముతో సాధించిన భూమిని వదులుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. అయితే కృష్ణను సరిహద్దుగా పెట్టుకొని తూర్పున నిశ్చింతగా ఉంటే తప్ప, పడమట రాయచూరుపై పూర్తి బలముతో పోవుట సాధ్యము కాదు. సేనానిగా రాయల దూరదృష్టి గెలిచినచోట కంటె ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది.

రాయచూరు యుద్ధము

యుద్ధమునకు కారణముగా నూనిజ్ చెప్పిన సంగతి ఇది. గోవాలో గుర్రములు కొనితెమ్మని రాయలు సీదీ మెర్కార్ అనే వ్యాపారికి 40,000 వరహాలు ఇచ్చి పంపగా, అతడు ధనముతో సహా ఆదిల్ షా రాజ్యమునకు పారిపోయినాడు. అప్పగించుమని కోరినా బీజాపూరు అప్పగించలేదు. దక్కనులో మేలుజాతి గుర్రములు పుట్టవు. అరేబియా, పారశీకముల నుండి ఓడలలో రావలసినవే. గుర్రములు ఎవరికి చేరితే వారి అశ్వబలము నిలుస్తుంది. కనుక ఇది ఒక దొంగతనము కొరకు జరిగిన యుద్ధము మాత్రమే కాదు.

1520లో రాయలు రాయచూరును ముట్టడించినాడు. అతని వెంట ఏడు లక్షల కాల్బలము, 32,600 గుర్రములు, 551 ఏనుగులు ఉన్నవని నూనిజ్ లెక్క. ఇందులో కాల్బలము సంఖ్యను నమ్ముట కష్టము. కోట గోడల మీద ఫిరంగులు బారులు తీరి ఉన్నవి. దళనాయకులు గోడనుండి రాళ్ళను పెకలించి తెచ్చిన భటులకు రాయి పరిమాణమును బట్టి పణములు ఇచ్చినారు. భటులు గునపములు, గొడ్డళ్ళు పట్టి ప్రాణములకు తెగించి గోడ క్రిందికి పోయినారు. ఈ విధముగా మూడు నెలలు గడిచినా కోట లొంగలేదు.

అప్పుడు ఇస్మాయిల్ ఆదిల్ షా పెద్ద సైన్యముతో కృష్ణ ఉత్తరతీరమునకు వచ్చినాడు. నది దాటవద్దని కొందరు సలహా ఇచ్చినా వినలేదు. మద్యము మత్తులో ఏనుగునెక్కి నదిలో దిగినాడని ఫిరిష్తా వ్రాసినాడు. సైన్యము దక్షిణతీరమునకు చేరి, నదిని వెనుక ఉంచుకొని, ఫిరంగులను ముందు నిలిపినది. శుక్రవారము యుద్ధమునకు మంచిది కాదని చెప్పగా రాయలు మరునాటి వరకు ఆగినాడు. 1520 మే 19, శనివారము తెల్లవారుజామున యుద్ధము మొదలైనది.

మొదట రాయల ముందువరుసలు చొచ్చుకొనిపోయినవి. అంతలో ఆదిల్ షా ఫిరంగులన్నీ ఒక్కసారి ప్రేలినవి. దగ్గరగా గుంపుకట్టి ఉన్న భటులు వందల సంఖ్యలో కూలినారు. ముందువరుస వెనుదిరిగినది. శత్రు అశ్వికులు అరకోసు దూరము తరిమినారు. ఓటమి ఖాయమనిపించిన ఆ క్షణమున రెండవ వరుసలో ఉన్న రాయలు తన ఉంగరమును తీసి ఒక పరిచారకునికి ఇచ్చి, తాను మరణిస్తే రాణులకు చూపుమన్నాడు. అనగా తాను వెనుదిరుగనని అందరి ఎదుట తెలిపినాడు. పిమ్మట గుర్రమెక్కి, మిగిలిన దళములన్నింటిని ఒక్కసారిగా కదిలించి, వెనుకకు వచ్చువారిని నరుకుటకు కూడా వెనుదీయరాదని ఆజ్ఞ ఇచ్చినాడు. తరుముచు చెదిరిపోయి ఉన్న బీజాపూరు అశ్వికులకు తిరిగి వరుస కట్టే వ్యవధి దొరకలేదు. ఫిరంగులను మళ్ళీ నింపే వ్యవధి కూడా లేకపోయినది. వెనుక ఉన్న నదియే వారికి శత్రువైనది. ఎందరో కృష్ణలో మునిగిపోయినారు. ఆదిల్ షా ఏనుగు మీద తప్పించుకొన్నాడు. అతని సేనాని సలాబత్ ఖాన్ పట్టుబడినాడు. 400 పెద్ద ఫిరంగులు, 4,000 గుర్రములు, 100 ఏనుగులు రాయలకు చిక్కినవి. రాయల పక్షమున మరణించినవారు 16,000 పైచిలుకు. గండికోట పెమ్మసాని రామలింగ నాయుని సాహసము గురించి తెలుగునాట చెప్పుకొనే కథలు ఈ యుద్ధమునకు సంబంధించినవే.

నది దాటి శత్రు శిబిరమును పట్టుకొన్న తరువాత, ఇంకా తరుముదామని నాయకులు కోరినారు. రాయలు అంగీకరించలేదు. తప్పు చేయనివారు అనేకులు ఇప్పటికే చనిపోయినారని, రాయచూరు ఇంకా వెనుక మిగిలియే ఉన్నదని చెప్పి సైన్యమును మరల్చినాడు. గెలుపు వేడిలో ఉన్న సైన్యమును ఆపుట, ఓటమి అంచున ఉన్న సైన్యమును నిలుపుట కంటె తేలిక కాదు. ఆ ఒక్కరోజులో రాయలు రెండు పనులూ చేసినాడు.

కోట లొంగుటకు తోడ్పడినది క్రిస్టోవావో డి ఫిగ్యురెడో అనే పోర్చుగీసువాడు. ఇరవైమంది తుపాకి భటులతో వచ్చిన ఇతడు గోడమీద తల ఎత్తినవారిని గురిచూసి కొట్టించగా, కోట అధిపతి కూడా గుండు తగిలి మరణించినాడు. మరునాడు కోటవారు లొంగిపోయినారు. రాయలు ప్రజలకు అభయమిచ్చి, వారి ఆస్తులు వారివేనని చెప్పి, దోపిడీ చేయరాదని సైన్యమును కట్టడి చేసినాడు. తుపాకి గురి విలువను ఇక్కడ చూసినా, విజయనగర సైన్యములో ఫిరంగి విద్యను ఆ స్థాయికి పెంచినట్లు కనిపించదు. ఇది రాయల లోపములలో లెక్కించదగినది.

విజయము తరువాత

రాయచూరు తరువాతి ప్రవర్తన వేరు. సంధి కొరకు వచ్చిన ఆదిల్ షా రాయబారిని నెల రోజులు నిరీక్షింపజేసి, ఆదిల్ షా స్వయముగా వచ్చి తన పాదమును ముద్దుపెట్టుకొంటే కోట, ఫిరంగులు తిరిగి ఇస్తానని రాయలు చెప్పినాడు. ముద్గల్లు వద్ద వేచి చూచి, అతడు రాకపోగా బీజాపూరు వరకు పోయినాడు. నగరములోని మంచి మంచి ఇండ్లు వంటచెరకు కొరకు కూలిపోయినవి. అప్పుడు బెల్గాము అసద్ ఖాన్ వచ్చి, ఆదిల్ షా రాకపోవుటకు చెరలో ఉన్న సలాబత్ ఖాన్ వ్రాసిన ఉత్తరములే కారణమని రాయలను నమ్మించినాడు. రాయలు విచారించకనే సలాబత్ ఖాన్ తల తీయించినాడు. నిజమునకు సలాబత్ ఖాన్ అసద్ ఖాన్‌కు గిట్టనివాడు. పేస్ గుర్తించిన కోపమును అసద్ ఖాన్ కూడా గుర్తించి వాడుకొన్నాడు.

ఆముక్తమాల్యదలోని రాజనీతి

ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసములో యామునాచార్యుడు కుమారునికి ఉపదేశించిన రాజనీతి ఉన్నది. ఇది పుస్తకములలో చదివిన నీతి మాత్రమే కాదనుటకు అందులోని వివరములే ఆధారము. ఆదాయమును నాలుగు భాగములు చేసి రెండు భాగములు సైన్యమునకు వెచ్చించవలెనని, ఏనుగులు, గుర్రములు తెచ్చే పరదేశ వర్తకులకు ఊళ్ళు, ఇండ్లు, మంచి ధర ఇచ్చి దగ్గర ఉంచుకొని, అవి శత్రువునకు చేరకుండ చూడవలెనని అందులో ఉన్నది. చిక్కిన శత్రువుల అంతఃపురస్త్రీలను పుట్టింటివలె చూచుకొనవలెనని ఉన్నది. చాడీ వినగానే నమ్మి శిక్షింపరాదని కూడా ఉన్నది. సలాబత్ ఖాన్ ఉదంతము పక్కన పెట్టి చదివితే ఈ చివరి నియమము కవి తనకు తాను చెప్పుకొన్నట్లు తోస్తుంది.

చివరి సంవత్సరములు

1524లో రాయలు ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయలకు పట్టము కట్టినాడు. బాలుడు కొద్ది కాలమునకే మరణించినాడు. విషప్రయోగము జరిగినదని, అందులో తిమ్మరుసు కుమారుని హస్తమున్నదని రాయలు నమ్మి, తిమ్మరుసును కుటుంబముతో సహా చెరలో వేయించి కన్నులు తీయించినాడని నూనిజ్ వ్రాసినాడు. దీనిలో ఎంత నిజమో చెప్పుటలో చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. దోషము రుజువైనట్లు మాత్రము ఏ ఆధారమూ లేదు. ఉదయగిరి నుండి రాయచూరు వరకు రాయలకు ఎదురు చెప్పగలిగినవాడు అప్పాజీ ఒక్కడే. అతడు తొలగిన తరువాత రాయలు మునుపటి స్థాయిలో దండయాత్ర ఏదీ జరుపలేదు. బెల్గాముపై యుద్ధమునకు సిద్ధమగుచుండగా జబ్బుపడి 1529లో మరణించినాడు. తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో బయటపడిన శాసనము ప్రకారము ఆ తేదీ అక్టోబరు 17. సవతి తమ్ముడు అచ్యుతరాయలు రాజైనాడు.

కృష్ణలో సగము సైన్యమును పోగొట్టుకొన్న ఇస్మాయిల్ ఆదిల్ షా, రాయచూరు, ముద్గల్లు తిరిగి గెలిచేవరకు మద్యము ముట్టనని ఒట్టు పెట్టుకొన్నాడని ఫిరిష్తా తెలిపినాడు. అతడు పది సంవత్సరములు ఆ మాటమీద నిలిచినాడు. రాయలు మరణించిన మరుసటి ఏడు, 1530లో, రెండు కోటలనూ తిరిగి పట్టుకొని, ఆ తరువాతనే పాత్ర అందుకొన్నాడు.